గొట్టం అడుగున పారేస్తున్న కణం గురించి: భారత వైద్య పరిశోధన మండలికి, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మండలి డైరెక్టర్ జనరల్ గారికి, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అధికారులకు నమస్కారాలు.

నేను వైద్య కళాశాలలో పాథాలజీ బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం లీష్మన్ రంగు వేసిన రక్తపు స్లైడ్లను మైక్రోస్కోపు కింద చూడటంలోనే గడిచింది. ఆ స్లైడ్ల మీద అన్నిటికంటే ఎక్కువగా కనిపించే న్యూట్రోఫిల్ అనే తెల్లకణం గురించి, హెచ్‌ఐవీ పరిశోధనలో దానికి దక్కని చోటు గురించి మీకు రాస్తున్నాను. ఈ విషయం తేలవలసింది మీ కార్యాలయాల్లోనే అయినా, దాని మంచిచెడ్డలు అనుభవించేది ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణిచే మందుల చికిత్స) కేంద్రాల బల్లల మీద మందుల కోసం కూర్చునే మనుషులు కనుక, లేఖను బహిరంగంగా రాయడమే సబబనిపించింది.

మన ఊళ్లలో ఏ ల్యాబుకు వెళ్లి సీబీపీ అనే రక్తకణాల లెక్క పరీక్ష చేయించుకున్నా, ఆ కాగితం మీద పాలిమార్ఫ్స్ అని రాసి, పక్కన ఏ అరవయ్యో అరవై అయిదో శాతం వేస్తారు. ఆ పాలిమార్ఫే న్యూట్రోఫిల్. ఆరోగ్యవంతుడైన పెద్దమనిషి మూలుగ రోజుకు సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారు చేసి రక్తంలోకి వదులుతుంది. సూక్ష్మజీవి ఒంట్లోకి చొరబడినచోటికి మొదట పరిగెత్తేది ఇదే, అక్కడే చచ్చి చీముగా మారేదీ ఇదే. ఇంత అల్పాయుష్షు గల కణంలో పెద్దగా తెలుసుకోవలసింది ఏముంటుందన్న చిన్నచూపు మా తరం పాథాలజిస్టులకు ఉండేది. నాకూ ఉండేది.

హెచ్‌ఐవీ విషయానికి వచ్చేసరికి ఆ చిన్నచూపు మరింత పెరిగింది. వైరస్ కూల్చేది రోగనిరోధక వ్యవస్థను నడిపించే సీడీ4 టీ కణాలను (ఇవీ ఒక రకం తెల్లకణాలే) కాబట్టి అందరి చూపూ వాటి మీదికే పోయింది. అందులో తప్పేమీ లేదు. సీడీ4 సంఖ్యను, ఆ తరువాత వైరల్ లోడ్‌ను, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్కను, నమ్ముకునే చికిత్స ఇంత దూరం వచ్చింది. 2004 ఏప్రిల్ 1న దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైంది. 2017 నుంచి సీడీ4 సంఖ్యతో నిమిత్తం లేకుండా, వ్యాధి నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ మందు ఇస్తున్నారు. ఇప్పుడు డోలుటెగ్రవిర్ కలిసిన ఒక్క మాత్రతో ఎక్కువమందిలో వైరస్ రక్తపరీక్షకు అందనంతగా అణిగిపోతోంది. మీ సంస్థ 2021 అంచనాల ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు సుమారు 24 లక్షల మంది. పెద్దవారిలో దాని విస్తృతి దేశం మొత్తం మీద 0.21 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. వీరిలో చాలామంది ఇప్పుడు యాభై, అరవై ఏళ్ల వయసుకు చేరుకుంటున్నారు. వారిని ఇప్పుడు వేధిస్తున్నవి గుండెపోటు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, వాటితోపాటు ఎప్పటిలాగే క్షయ.

వైరస్ అణిగినా ఒంట్లో లోలోపల రగిలే వాపు (ఇన్‌ఫ్లమేషన్) పూర్తిగా అణగదన్న సంగతి కొత్తది కాదు. మందును మధ్యమధ్య ఆపి మళ్లీ మొదలుపెట్టడం మంచిదేమో చూడటానికి చేసిన స్మార్ట్ అధ్యయనాన్ని 2006లో అర్ధంతరంగా నిలిపివేయవలసి వచ్చింది. మందు ఆపినవారిలో ఎయిడ్స్‌తో సంబంధం లేని గుండె, కాలేయ, మూత్రపిండాల జబ్బులు కూడా పెరగడం అందరినీ ఆశ్చర్యపరిచింది. ఆ రక్తనమూనాల్లోనే వాపును చూపే ఇంటర్‌ల్యూకిన్-6, రక్తం గడ్డకట్టడాన్ని చూపే డీ-డైమర్ అనే రెండు సూచికలు ఎక్కువగా ఉన్నవారికి మరణ ప్రమాదం ఎక్కువని తరువాత తేలింది. 2023లో వెలువడిన రిప్రీవ్ అధ్యయనంలో, మన దేశం సహా 12 దేశాల్లో ఏడువేలమందికి పైగా పాల్గొన్నారు. ఏఆర్‌టీ వాడుతూ గుండెజబ్బు ముప్పు పెద్దగా లేదనుకున్నవారికి సైతం కొలెస్ట్రాల్ తగ్గించే పిటవస్టాటిన్ మందు ఇస్తే గుండెపోటు, పక్షవాతం వంటివి 35 శాతం తగ్గాయి. మరి ఆ వాపును రగిలిస్తున్నది ఎవరు అన్న ప్రశ్నకు టీ కణాలు, మోనోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు అని జవాబు చెప్పి, రక్తంలోని తెల్లకణాల్లో సగానికి పైగా ఉన్న న్యూట్రోఫిల్‌ను వదిలేయడం ఎంతవరకు సమంజసమో మీరే ఆలోచించాలి.

న్యూట్రోఫిల్ తిండి తీరు మిగతా కణాలది లాంటిది కాదు. శరీరంలో చాలా కణాలు గ్లూకోజ్‌ను తమలోని శక్తి కర్మాగారాలైన మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో పూర్తిగా దహించి శక్తి రాబట్టుకుంటాయి. పూర్తిగా ఎదిగిన న్యూట్రోఫిల్‌లో మైటోకాండ్రియా కొద్దిగానే ఉంటాయి. ఆక్సిజన్ అంతంతమాత్రంగా అందే చీముగడ్డలోకి దిగి పనిచేయవలసిన కణం కనుక అది గ్లూకోజ్‌ను లాక్టేట్ దాకా విడగొట్టి, వచ్చిన కొద్దిపాటి శక్తితో సరిపెట్టుకుంటుంది. అక్కడ గ్లూకోజ్ కూడా దొరకకపోతే ఎలాగని, దారిబత్తెంగా గ్లూకోజ్ నిల్వ రూపమైన గ్లైకోజెన్‌ను తనలోనే మూటగట్టుకుని బయలుదేరుతుంది. ఇంకా ముఖ్యమైన సంగతి, ఆ గ్లూకోజ్‌లో కొంత పెంటోజ్ ఫాస్ఫేట్ మార్గం అనే మరో రసాయన దారిలోకి మళ్లడం. అక్కడ తయారయ్యే ఎన్‌ఏడీపీహెచ్ అనే పదార్థాన్ని కణపు పొరలోని ఆక్సిడేజ్ ఎంజైము వాడుకుని ఆక్సిజన్‌ను సూపరాక్సైడుగా మారుస్తుంది. దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడు, మైలోపెరాక్సిడేజ్ అనే మరో ఎంజైము చేతిలో పడ్డాక హైపోక్లోరస్ ఆమ్లం పుడతాయి. వానాకాలం ముందు బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడరు నీటిలో కలిసినప్పుడు క్రిములను చంపేది కూడా ఈ ఆమ్లమే. ఆక్సిడేజ్ పుట్టుకతోనే లోపించిన పిల్లలకు న్యూట్రోఫిల్స్ సంఖ్య తగ్గకపోయినా పదేపదే చీముగడ్డలు, ఫంగస్ వ్యాధులు వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. జీ6పీడీ ఎంజైము మరీ తీవ్రంగా లోపించినవారిలో కూడా ఇటువంటి బలహీనతే కనిపిస్తుంది, ఎందుకంటే పెంటోజ్ మార్గం మొదటి మెట్టు ఆ ఎంజైమే. న్యూట్రోఫిల్ ఏమి తిన్నది, ఎంత తిన్నది అన్నదాన్ని బట్టే అది ఏమి చేయగలదన్నది తేలుతుంది. సీబీపీ కాగితం మీది శాతం ఈ సంగతి చెప్పదు. నిజానికి నేను చూసిన స్లైడు కూడా చెప్పదు. ఆకారం చూపిస్తుంది, అంతే.

ఇక ఈ కణానికి, వైరస్‌కు మధ్య జరిగేదాన్ని గమనించండి. న్యూట్రోఫిల్ చనిపోయే ముందు తన డీఎన్‌ఏను వలలా బయటికి విసిరి సూక్ష్మజీవులను చిక్కించుకుంటుందని 2004లో బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు కనుగొన్నారు. ఈ వల హెచ్‌ఐవీని కూడా పట్టుకుంటుందని, అందులోని మైలోపెరాక్సిడేజ్, సూక్ష్మజీవులను చంపే డిఫెన్సిన్‌లు వైరస్‌ను నిర్వీర్యం చేస్తాయని 2012లో జపాన్ పరిశోధకులు చూపారు. వైరస్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అది కాపలా కణాలైన డెండ్రైటిక్ కణాల చేత రోగనిరోధక స్పందనను తగ్గించే ఇంటర్‌ల్యూకిన్-10ను విడుదల చేయించి, ఆ వల విసరడాన్నే ఆపించగలదని కూడా ఆ పరిశోధనలోనే తేలింది. వల విసరడం గ్లూకోజ్ మీద, ఎన్‌ఏడీపీహెచ్ మీద ఆధారపడిన పని. పైగా అది రెండంచుల కత్తి: రక్తనాళంలో అనవసరంగా విసిరిన వల గడ్డకట్టిన రక్తానికి పందిరిలా పనికొస్తుంది. డీ-డైమర్ పెరిగిన రోగి ముందు కూర్చున్నప్పుడు ఈ వలను మరిచిపోవడం కుదరదు.

న్యూట్రోఫిల్‌ను సైనికుడిగానే చూడటం మనకు అలవాటు. అది ఇతర కణాల నోరు నొక్కగలదన్నది ఆలస్యంగా అర్థమైంది. తన రేణువుల్లో దాచుకున్న ఆర్జినేజ్ ఎంజైమును వదిలిందంటే చుట్టుపక్కల ఆర్జినిన్ కరిగిపోతుంది. ఆ అమైనో ఆమ్లం అందని టీ కణం తన గ్రాహకంలోని ముఖ్యమైన గొలుసును తయారు చేసుకోలేక మందగిస్తుంది. జబ్బు ముదిరిన హెచ్‌ఐవీ రోగుల రక్తంలో ఇటువంటి ఆర్జినేజ్ పెరుగుతుందని, దానికి మూలం న్యూట్రోఫిల్ జాతి కణాలేనని ఇప్పటికే తెలుసు. 2014లో వెలువడిన మరో పరిశోధన హెచ్‌ఐవీ ఉన్నవారి న్యూట్రోఫిల్స్ మీద పీడీ-ఎల్1 అనే అణువు ఎక్కువగా ఉంటుందని, దానితోను, ఆక్సిజన్ నుంచి పుట్టిన చురుకైన పదార్థాలతోను అవి టీ కణాల పనిని అణిచేస్తాయని చూపింది. క్యాన్సర్ వైద్యంలో లక్షలు పోసి కొనే మందులు కొన్ని అడ్డుకునేది సరిగ్గా ఈ పీడీ-ఎల్1నే. సీడీ4 సంఖ్య పెరిగినా ఆ కణాలు పూర్తి చురుకుతో పనిచేయడం లేదని వాపోయేవారు, పక్కనే నిలబడి వాటిని తొక్కిపట్టే కణాన్ని కూడా చూడాలి కదా.

దీన్ని ఎవరు రెచ్చగొడుతున్నారు? వైరస్ కొంత, వైరస్ సోకినప్పుడు ఒళ్లు విడుదల చేసే ఇంటర్ఫెరాన్ కొంత, పేగు మరికొంత. వైరస్ సోకిన కొద్ది వారాల్లోనే పేగు గోడలోని సీడీ4 కణాలు, ముఖ్యంగా ఇంటర్‌ల్యూకిన్-17ను తయారు చేసేవి, ఘోరంగా తగ్గిపోతాయి. ఆ గోడ బీటలు వారి బ్యాక్టీరియా శకలాలు రక్తంలోకి కారుతాయని 2006లో తెలిసింది. ఏఆర్‌టీ ఈ బీటలను పూర్తిగా పూడ్చలేదు. రోజూ రక్తంలో బ్యాక్టీరియా వాసన తగులుతున్న న్యూట్రోఫిల్ నిద్రపోలేదు. పూర్తి యుద్ధమూ చేయలేదు. ఆ సగం మెలకువలో అది గ్లూకోజ్‌ను ఎలా వాడుకుంటోంది, ఎంత ఆర్జినేజ్ వదులుతోంది, ఎన్నాళ్లు బతుకుతోంది అన్నవి మన దేశపు రోగులలో, మన తిండి, మన మధుమేహం, మన క్షయ నడుమ తేలవలసిన ప్రశ్నలు. మీ మండలి 2023లో ప్రచురించిన సర్వే దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది అని లెక్క తేల్చింది. అధిక గ్లూకోజ్ న్యూట్రోఫిల్ పనితీరును దెబ్బతీస్తుందన్నది పాఠ్యపుస్తకాల్లోని సంగతే. డోలుటెగ్రవిర్ వాడేవారిలో బరువు పెరగడమూ చూస్తున్నాం. హెచ్‌ఐవీ, మధుమేహం, పెరిగిన బరువు, ఈ మూడూ ఒకే మనిషిలో కలిసినప్పుడు ఏమవుతుందో చూడటానికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల కంటే తగిన చోటు ఎక్కడుంది?

ఇప్పుడు అసలు అడ్డంకి చెబుతాను, అది చాలా మామూలు అడ్డంకి. హెచ్‌ఐవీ పరిశోధనలో రక్తాన్ని ఫైకాల్ అనే చిక్కటి ద్రవం మీద పోసి సెంట్రిఫ్యూజు అనే యంత్రంలో గిరగిరా తిప్పుతారు. చల్ల చిలికితే వెన్న తేలినట్టు టీ కణాలు, మోనోసైట్లు ఉన్న తెల్లటి పొర మధ్యలో తేలుతుంది. దాన్ని జాగ్రత్తగా తీసి ద్రవ నత్రజనిలో ఏళ్ల తరబడి దాచుకుంటారు. న్యూట్రోఫిల్స్ ఎర్రకణాలతో కలిసి గొట్టం అడుగుకు చేరతాయి, అక్కడి నుంచి చెత్తబుట్టలోకి పోతాయి. వాటిని దాచాలన్నా కుదరదు: గడ్డకట్టించి కరిగిస్తే న్యూట్రోఫిల్ పనికిరాకుండా పోతుంది. కాబట్టి మన దేశంలోనైనా, మరే దేశంలోనైనా హెచ్‌ఐవీ నమూనాల కోశాగారాలు ఎక్కువగా ఈ కణం లేని రక్తాన్నే భద్రపరుస్తున్నాయి, వాటి మీద జరిగే పరిశోధన కూడా సహజంగానే దాన్ని మరిచిపోతోంది.

ఇంకో చిక్కు ఉంది. జబ్బుపడిన మనిషిలో కొన్ని న్యూట్రోఫిల్స్ బరువు కోల్పోయి అడుగుకు దిగకుండా ఆ తెల్లటి పొరలోనే తేలతాయి. ఆర్జినేజ్‌తో టీ కణాలను అణిచేవిగా పేరుపడినవి ఇవే. ఒకసారి మా విభాగంలో పరిశోధన చేస్తున్న విద్యార్థిని ఒక రోగి పొర నుంచి చేసిన స్లైడు తెచ్చి, "మేడమ్, ఇందులో పాలిమార్ఫ్స్ వచ్చేశాయి, నేను పొర తీయడంలో పొరపాటు చేసినట్టున్నాను" అంది. నేను చూసి, అవునమ్మా, నమూనా కలుషితమైంది, పారేసి మళ్లీ చేయమన్నాను. ఆమె పొరపాటు చేయలేదు. ఆ రోగి రక్తం ఒక సంగతి చెప్పబోతే నేను వినిపించుకోలేదు. తేలికపడిన ఆ కణాల గురించి చదివింది ఆ తరువాత చాలా ఏళ్లకు. టీ కణాలు బలహీనంగా ఉన్నాయని తేల్చిన ప్రయోగాల్లో ఎన్నింటిలో ఈ కణాలు పొరలో కూర్చుని ఆ బలహీనతను కలిగించాయో అన్న అనుమానం నన్ను అప్పటి నుంచీ వదలలేదు.

అందువల్ల మీకు నా మొదటి విన్నపం, మీ నిధులతో నడిచే హెచ్‌ఐవీ అధ్యయనాల్లో తాజా రక్తంపై న్యూట్రోఫిల్ పనిని పరీక్షించే భాగాన్ని తప్పనిసరి చేయండి. తీసిన రక్తం కొద్ది గంటల్లోనే బల్ల మీదికి చేరాలి కాబట్టి, ఇది పుణేలోనో చెన్నైలోనో కూర్చుని చేయగలిగిన పని కాదు. జిల్లా నుంచి రాత్రి బస్సు పార్శిల్లో కుదుపులు తింటూ వచ్చిన గొట్టంలో న్యూట్రోఫిల్ అప్పటికే తన పని ముగించుకుని ఉంటుంది. బోధనాసుపత్రికి అనుబంధంగా ఏఆర్‌టీ కేంద్రం ఉన్నచోట, కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించే పూర్తిస్థాయి ఫ్లో సైటోమీటర్ యంత్రం కూడా ఉంటే, డైహైడ్రోరోడమిన్ రంగుతో ఆక్సిడేజ్ పనిని కొలవడం ఒక పూటలో అయ్యే పని. సీడీ4ను మాత్రమే లెక్కించే చిన్న యంత్రాలు దీనికి చాలవు. సీబీపీకి వాడే గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ రసాయనం కాల్షియంను పట్టేస్తుంది కనుక పనితీరు పరీక్షకు హెపారిన్ వేసిన గొట్టంలో రక్తం వేరుగా తీయాలి. ఇటువంటి చిన్న చిన్న విషయాలు మార్గదర్శకాల్లో రాయకపోతే, మూడు కేంద్రాలు మూడు రకాలుగా చేసి మూడు రకాల ఫలితాలు పంపుతాయి. గ్లూకోజ్ వాడకం, లాక్టేట్ ఉత్పత్తి, ఆక్సిజన్ వినియోగం కొలిచే ఖరీదైన యంత్రాలు తెలుగు రాష్ట్రాల్లో ఒకటి రెండు చోట్ల ఉంటే మొదలుపెట్టడానికి చాలు.

రెండో విన్నపానికి యంత్రాలే అక్కర్లేదు. ఏఆర్‌టీ కేంద్రాల్లో చికిత్స మొదట్లోను, ఆ తరువాత కూడా సీబీపీ చేయిస్తూనే ఉన్నారు. పాత ఏఆర్‌టీ మందు జిడోవుడిన్ రోజుల్లో హిమోగ్లోబిన్, న్యూట్రోఫిల్స్ పడిపోతాయని భయపడి ఆ కాగితాన్ని శ్రద్ధగా చూసేవారు. ఆ మందు వాడకం తగ్గాక ఆ శ్రద్ధా తగ్గింది. ఆ అంకెలను వైరల్ లోడ్, క్షయ, గుండెజబ్బు, మధుమేహం వివరాల పక్కన పెట్టి, పేర్లు తీసేసి, అర్హులైన పరిశోధకులకు ఇవ్వండి. అయితే ఒక హెచ్చరిక చేయక తప్పదు. న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లతో భాగించి వచ్చే నిష్పత్తి ఈమధ్య ప్రతి జబ్బుకూ వాడుతున్నారు. హెచ్‌ఐవీలో కింది అంకె, అంటే సీడీ4 కణాలు కూడా చేరి ఉన్న లింఫోసైట్లు, వైరస్ వల్లే పడిపోతాయి. అప్పుడు నిష్పత్తి పెరిగిందని న్యూట్రోఫిల్‌ను నిందించడం, కొడుకు ఖర్చు చేసిన డబ్బుకు కోడలిని అడిగినట్టు ఉంటుంది. విడివిడి సంఖ్యలే చూడాలి.

క్షయ గురించి ప్రత్యేకంగా ఒక మాట. మన దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి ప్రాణాలు తీసే జబ్బుల్లో అది మొదటిది. 2010లో లండన్, దక్షిణాఫ్రికా రోగుల రక్తాన్ని పరిశీలించినప్పుడు, క్షయ బయటపడినవారిలో ఇంటర్ఫెరాన్ ప్రేరేపించిన జన్యువుల గుర్తు ఒకటి కనిపించింది. దాన్ని నడిపించినది ప్రధానంగా న్యూట్రోఫిల్స్. ఏఆర్‌టీ మొదలుపెట్టిన కొద్ది వారాలకు క్షయ ఒక్కసారిగా భగ్గుమనే ఐరిస్ అనే స్థితిలోనూ వీటి పాత్ర ఉందని ఆధారాలున్నాయి. వార్డులో అటువంటి రోగికి స్టెరాయిడ్ ఇచ్చి చేతులు జోడించి కూర్చునే వైద్యులకు, మందు మొదలుపెట్టక ముందే ఎవరికి ఈ ముప్పు ఉందో చెప్పగల రక్తపరీక్ష దొరికితే అంతకంటే ఏం కావాలి? చెన్నైలోని మీ క్షయ పరిశోధనా సంస్థకు, పుణేలోని ఎయిడ్స్ పరిశోధనా సంస్థకు ఈ పనిని ఉమ్మడిగా అప్పగించవచ్చు.

ఈ లేఖ చదివి ఎవరైనా ఆర్జినిన్ పొడిని రోగనిరోధకశక్తి పేరుతో అమ్మడం మొదలుపెడతారేమోనన్న భయం నాకు లేకపోలేదు. కరోనా కాలంలో మన వీధుల్లో ఏమేమి అమ్మారో చూశాం. న్యూట్రోఫిల్‌ను మరీ అణిచితే చీముగడ్డలు, ఫంగస్ వస్తాయి. మరీ రెచ్చగొడితే రక్తనాళాలు దెబ్బతింటాయి. దీని జీవక్రియను మందుతో సరిచేయడం ఇంకా ప్రయోగశాల మాటే. ఈ రోజుకు రోగి చేయవలసింది ఏఆర్‌టీ మాత్ర మానకుండా వేసుకోవడం, క్షయ నివారణ మందు వాడటం, చక్కెరను, రక్తపోటును అదుపులో పెట్టుకోవడం. న్యూట్రోఫిల్ పరిశోధన పేరు చెప్పి వాటిలో ఏ ఒక్కదాని నిధులూ తగ్గించవద్దు. కొత్తదానికి కొత్త డబ్బే అడుగుతున్నాను.

అలాగే, 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. తెలిసి ఇచ్చిన అంగీకారం లేకుండా పరిశోధన చేయడాన్ని, వ్యక్తి స్థితిని బయటపెట్టడాన్ని అది ఒప్పుకోదు. తాజా రక్తం కావాలంటే మనిషి పదేపదే రావాలి. వస్తే కూలి పోతుంది, అడిగేవారికి ఎందుకు వచ్చావో చెప్పుకోవాలి. అందుకని మందుల కోసం వచ్చిన రోజే రక్తం తీసేలా, వచ్చినవారికి దారి ఖర్చులు, కూలి ఇచ్చేలా, అంగీకార పత్రం తేట తెలుగులో ఉండేలా చూడాలి. ఆ పత్రాన్ని రాసేటప్పుడు హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఘాలను పక్కన కూర్చోబెట్టుకోండి. "న్యూట్రోఫిల్ జీవక్రియ" అన్న మాటను వారికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే మనకే సరిగా అర్థం కాలేదని అనుకోవాలి.

నిధులు మంజూరు కావడానికి, కమిటీలు కూర్చోవడానికి సమయం పడుతుందని తెలుసు. ఈలోపు ఒక్క ఆదేశం ఇవ్వవచ్చు: మీ అధ్యయనాల్లో ఫైకాల్ మీద తిప్పిన ప్రతి నమూనాలో తెల్లటి పొర నుంచి ఒక స్లైడు, గొట్టం అడుగు నుంచి ఒక స్లైడు చేసి, పొరలో తేలిన పాలిమార్ఫ్స్ ఎన్నో లెక్క రాయమనండి. రెండు గాజు పలకలు, కాస్త లీష్మన్ రంగు, పది నిమిషాల సమయం సరిపోతాయి. స్లైడ్లు చదివేవారు చాలరంటే, ఈ రెండు రాష్ట్రాల్లో నాలాంటి విశ్రాంత పాథాలజిస్టులు ఉన్నారు. మైక్రోస్కోపులు ఇంకా మా ఇళ్లలోనే ఉన్నాయి. కబురు పెడితే మా దారి ఖర్చులతో మేమే వస్తాం.

భవదీయురాలు,
విశ్రాంత పాథాలజీ అధ్యాపకురాలు,
గుంటూరు